బండల షెడ్డులో చెయ్యి

ముదిగుబ్బ నుంచి కదిరికి పొయ్యే దోవలో, గుట్ట తిరుగుతానే ఎడమపక్క ఒక రేకుల షెడ్డు ఉండేది. ఇప్పుడు లేదులే. రేకులు ఒకడు, ఇటికెలు ఒకడు, ఇనుము ఇంకొకడు ఎత్తుకపోయినారు. అది నిలబడి ఉన్నన్నాళ్ళు మాత్రం, పొద్దు మునిగినాంక ఆ దోవన గొర్రెలు తోలుకొచ్చే మొగోడు లేడు. గుట్ట వెనకనుంచి, కంపల్లో పడి చుట్టు తిరిగొచ్చేవాళ్ళు. కాలికి ముల్లు గుచ్చుకుంటే గుచ్చుకుండె, ముందు పానం ముఖ్యం గదప్పా!

ఎందుకంటే ఆ షెడ్డులో ఒక చెయ్యి ఉండేది.

మనిషి చెయ్యి కాదు... ఇనుప చెయ్యి. బీగం వేసిన షెడ్డు లోపల, చీకట్లో, తోలేవాడు లేకుండానే గర్ర్‌ర్‌ర్ మని ఈ గోడ కాన్నుంచి ఆ గోడ కాడికి పొయ్యేది. కొంచేపు ఊరుకునేది. మళ్ళా గర్ర్‌ర్... "బయ్యన్న డ్యూటీకి వచ్చినాడు" అనుకునేవాళ్ళు ఊళ్ళో. అనుకోని తలుపుకు గొళ్ళెం పెట్టుకునేవాళ్ళు.

బయ్యన్న చచ్చిపోయి అప్పటికి మూడు నెలలు.

ఇది ఎనభై ఆరు ప్రాంతం మాట. వెనకబడిన జిల్లాలో ఫ్యాక్టరీ పెడితే సర్కారు సబ్సిడీ ఇస్తాదని బెంగుళూరు సేటు ఒకడు ఆడ బండల పాలిషు ఫ్యాక్టరీ పెట్టినాడు. పాలిషైన బండను ఎత్తి వరసగా పేర్చేదానికి, యాడో జపానోళ్ళు వాడి పక్కన పడేసిన మిషను తెప్పించినాడు. దాన్ని బెంగుళూరు ఇంజనీర్లు రోబో అనిరి. మనోళ్ళకు ఆ పేరు నోరు తిరగల్యా. చెయ్యి అనిరి.

ఆ చెయ్యి కాడ పనిచేసిన బయ్యన్న మన దాసప్పకు బావ. చెల్లెలు చెన్నమ్మ మొగుడు. సెనిక్కాయ చేను వరసగా ఎండిపోతే, నాగలి అటక మీదికెక్కించి ఫ్యాక్టరీలో చేరినాడు. పని బాగా చేతికొచ్చినాంక ఒక దినం దాసప్పను పిల్చుకపోయి, కొత్త కోడెదూడను చూపించినట్ల ఆ మిషను చూపించినాడు.

"చూడు దాసా. నాలుగు మూలల నాలుగు స్తంభాలు. వాటిమీద అటొకటి ఇటొకటి పట్టాలు. పట్టాల మీద అడ్డంగా ఈ దూలం. దూలం తూర్పుకూ పడమరకూ పోతాది. దూలం మీద చిన్న బండి ఉండాది చూడు, అది ఉత్తరానికీ దక్షిణానికీ పోతాది. ఆ బండిలోనుంచి వేలాడతాండేది నిలువు కంబి. అది పైకీ కిందికీ. అంతే! ఈ మూడు పోకలతో, ఈ కంచె లోపల యాడ గులకరాయున్నా పోయి ముట్టుకుంటాది."

"మోచెయ్యి లేదు, మణికట్టు లేదు, ఇదేం చెయ్యి బావా?"

"వంకర పోకలు దానికి తెల్దు. నేరుగా పోతాది, నేరుగా వస్తాది. మనకంటే నయం."

నిలువు కంబి మనిషి నడుమంత లావుండాది. దాని కొనకు నాలుగు నల్ల రబ్బరు గిన్నెలు. ఆ గిన్నెలు గాలి పీల్చి బండను కరుచుకుంటాయంట. దాసప్పకు అవి బోర్లించిన నోళ్ళ మాదిరి అనిపించినాయి.

"ఆయుధపూజకు దీనికేం కొడ్తిరి?"

"గుమ్మడికాయ."

"గుమ్మడికాయతో సరిపెట్టుకునే మొగం కాదు బావా ఇది" అన్నాడు దాసప్ప. బావా బావమరుదులు ఇద్దరూ పడీపడీ నవ్వినారు.

ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా తర్వాత దాసప్ప, ఏ గడియలో అన్నానో... నా నోట్లో మన్ను పడ అని తన్ను తానే తిట్టుకునేవాడు.

ఒక దినం మధ్యాన్నం కరెంటు పోయింది. చెయ్యి కింద ఇనుప బల్ల మీద బండ పెచ్చు ఇరుక్కోని ఉంటే, కరెంటు లేదు గదా, అదేం చేస్తాదిలే అని బయ్యన్న కిందికి దూరినాడు. పెచ్చు తీసేసి సద్ది తిందామని క్యారేజి పక్కనే పెట్టుకున్నాడు. కరెంటు లేకుండానే చెయ్యి దిగింది. తోటి పనోళ్ళు పరిగెత్తుకొచ్చి, ఎంతమంది పట్టినా అది పైకి లేయల్యా. సద్ది మూత గూడా తీయకుండా పాయె బయ్యన్న. నిండు మనిషి.

సేటు ఆ వారంలోనే ఫ్యాక్టరీకి బీగమేసి బెంగుళూరు పోయినాడు.

పెద్దదినం నాడు పిండం పెడితే కాకి ముట్టల్యా. పొద్దున్నించి మధ్యాన్నం దాకా "కావ్ కావ్" అని పిల్చినా ఒక్క కాకి వాలల్యా. "కరువుకు ఊర్లకు ఊర్లే వలస పోతాండె, ఇంక కాకులు మాత్రం యాడుంటాయమ్మా" అని పెద్దోళ్ళు సర్దిచెప్పి, పిండం ఆవుకు పెట్టించినారు. అందరూ సర్దుకున్నారు. చెన్నమ్మ సర్దుకోల్యా.

"ఆయప్ప ఆకలి మీద పోయినాడు. ఆకలి మీదనే ఉండాడు. ఆయప్ప తినేదాకా నేనూ తిన" అనింది.

అన్న మాట నిలబెట్టుకునే పిల్ల అది చిన్నప్పటినుంచి. దాసప్ప తన ఇంటికి పిల్చుకొచ్చి పెట్టుకున్నాడు. ఆయన పెండ్లాము గడ్డం పట్టుకోని బతిమాలితే రెండు గుక్కల గంజి తాగేది, లేకపోతే అదీ లేదు. చూస్తాండంగానే మనిషి ఎండు కట్టె అయిపోయింది. రైక భుజం మీదనుంచి జారతాండె. మొగం మీద కండ్లు తప్ప ఇంకేం మిగల్యా. బావ పోనే పాయె, ఇప్పుడు ఒక్కగానొక్క చెల్లెలు కండ్ల ముందర ఆరిపోతాండాది, దాన్ని ఎట్ల నిలబెట్టుకోవల్ల దేవుడా అని దాసప్ప రాత్రిళ్ళు మంచం మీద లేచి కూర్చోని ఏడ్చేవాడు.

ప్రతి అమాసకూ సంగటి ముద్ద చేసి తట్టలో పెట్టుకోని షెడ్డు గేటు కాడికి పొయ్యేది చెన్నమ్మ. గేటు బయట పెట్టి వచ్చేది. తెల్లారి చూస్తే తట్ట ఖాళీ. ఊళ్ళోవాళ్ళు బయ్యన్న తిన్నాడంటారు. చెన్నమ్మ మాత్రం నమ్మల్యా.

"అది కుక్కల పనన్నా. పానం పోయిన చోట పెట్టాల. నన్ను లోపలికి పోనీ."

"పోనీను."

"ఒక్కసారన్నా..."

"నువ్వు నా కాళ్ళు పట్టుకున్నా పోనీను మ్మే! ఒకర్ని మింగింది చాలదా ఆ షెడ్డు?"

బీగంచెవి దాసప్ప మొలతాడుకే ఉండేది. దానికి కారణముండాది. ఊరి బావులన్నీ ఎండిపోయి, షెడ్డు ఆవరణలో ఉండే బోరు ఒక్కటే నీళ్ళిస్తాండె. కరెంటు వచ్చేది రాత్రిపూటే. బోరు మోటారు ఆన్ చేసే స్టార్టరు షెడ్డు లోపల, చెయ్యి ఉండే కంచెకు ఇవతల గోడకుండాది. ఎవరు పోతారు ఆడికి? "మా బావ నన్నేం చేస్తాడప్పా" అని దాసప్ప రొమ్ము విరుచుకోని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గానీ, పొయ్యేటప్పుడు పై పానాలు పైనే పొయ్యేవి. తలుపు తీసేది, బ్యాటరీ లైటు గోడ మీదికి తప్ప ఇంకోపక్క కొట్టకుండా పొయ్యేది, కండ్లు మూసుకోని స్టార్టరు ఒత్తేది, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేది. ఇదీ ఆయన మొగతనం.

ఆ అమాస రాత్రి...

గాలి లేదు. కుక్క మొరగల్యా. దూరంగా రోడ్డు మీద ఒక దీపం వెలిగింది. కరెంటు వచ్చింది. వచ్చిన మరుక్షణమే షెడ్డులోనుంచి గర్ర్‌ర్‌ర్... ఆగింది. మళ్ళా గర్ర్‌ర్... ఆగింది. దాసప్ప ఆంజనేయుణ్ణి తలుచుకోని బీగం తీసినాడు. గోడ తడుముకుంటా పోయి, కండ్లు మూసుకోని, స్టార్టరు ఒత్తినాడు. బోరు మోటారు అందుకునింది.

కండ్లు తెరవకముందే వినపడింది.

"తెచ్చినాను... తిను..."

లోగొంతుక. కంచె లోపలనుంచి.

దాసప్ప లైటు అటు తిప్పినాడు. చెన్నమ్మ! ఆయన వెనకాలే పిల్లి మాదిరి వచ్చి, చీకట్లో కంచె వాకిలి దాటి లోపలికి పోయిండాది. బయ్యన్న పోయిన ఆ ఇనుప బల్ల మీద సంగటి తట్ట పెట్టింది. బల్ల ముందర మోకాళ్ళ మీద కూర్చోని, రెండు చేతులూ బల్ల మీద ఆనిచ్చి, చేతుల మీద తలకాయ వాల్చింది. కొంగు తలమీదికి కప్పుకోని ఉండాది.

"చెన్నా... లెయ్... లేచి రామ్మా..."

టక్.

బల్ల కింద ఏదో చిన్న చప్పుడు. అంతే.

దూలం కదిలింది. పడమటి కొననుంచి గర్ర్‌ర్ మని వచ్చి, బల్ల నెత్తిన ఆగింది. తర్వాత దూలం మీద బండి కదిలింది. ఉత్తరం పక్కనుంచి జరిగి జరిగి వచ్చి... సరిగ్గా చెన్నమ్మ తలకు నేరుగా ఆగింది.

ఆ రెండు చప్పుళ్ళూ దాసప్ప విన్నవే. మూడు నెలలనుంచి ఊరంతా విన్నవే. మూడో పోక మాత్రం ఎవరూ వినింది లేదు. ఇప్పుడు గూడా వినపళ్ళేదు. నిలువు కంబి... చప్పుడే లేకుండా... కిందికి దిగబట్టింది.

"చెన్నా! పైకి చూడు! చెన్నా!"

చెన్నమ్మ తల ఎత్తల్యా. కొంగు కింద నవ్విందో ఏడ్చిందో. "వచ్చినాడన్నా" అనింది మెల్లగా.

దాసప్ప పరిగెత్తినాడు. కంచె వాకిలి అవతలి పక్కనుండాది. చుట్టు తిరిగి పొయ్యేలోపల అది దిగిపోతాది, ఆయనకు తెలుసు. కంచె వలను రెండు చేతుల్తో పట్టుకోని గుంజినాడు. వేళ్ళు తెగినాయి, వల ఊడిరాల్యా. నాలుగు రబ్బరు గిన్నెలు కొంగును తాకినాయి. కొంగు అణిగింది. చెన్నమ్మ మెడ మెల్లగా... మెల్లగా... వంగిపోతాండాది.

"బావా!" అని అరిచినాడు దాసప్ప. దయ్యమని భయం లేదు, ఏం లేదు, బతికున్న మనిషిని పిల్చినట్లే పిల్చినాడు. "నీ పెండ్లాము బావా అది! చెన్నమ్మ బావా! నీ కాళ్ళకు మొక్కుతా, వదిలిపెట్టు..."

కంబి ఆగింది.

బ్యాటరీ వెలుగులో దుమ్ము తేలతాండాది.

కంబి పైకి లేసింది. చప్పుడు లేకుండానే. దిగినంత మెల్లగానే, పసిబిడ్డ తలమీదినుంచి చెయ్యి తీసినట్ల... పైకి, ఇంకా పైకి, దూలం కాడికి పోయి నిలబడింది.

దాసప్ప చుట్టు తిరిగి పోయి, చెల్లెల్ని రెండు చేతుల్లో ఎత్తుకోని బయటపడినాడు. ఎండుగడ్డి మోపంత బరువు గూడా లేదు. ఆ తేలికకే ఆయనకు ఏడుపొచ్చింది.

తెల్లారుతానే హిందూపురం బస్సెక్కినాడు. ఆడ గంగాధరప్ప అని మిషన్ల ఫిట్టరు ఉండాడు. ఇట్లాంటి చేతుల కాడ చానా ఏండ్లు పనిచేసినోడు. సంగతంతా విని ఆయన నవ్వినాడు.

"దయ్యానికి మంత్రగాణ్ణి పిల్చల్ల గానీ, ఫిట్టర్ని పిలుస్తారేమప్పా?"

"మంత్రగాడు మేకపోతునడుగుతాడు. నువ్వు టీతో పోతావు. రాన్నా, నీకు పుణ్యముంటాది."

ఎండ చురుక్కుమనే వేళకు ఇద్దరూ షెడ్డు కాడికి చేరినారు. చెన్నమ్మ అప్పటికే వచ్చి గడప మీద కూర్చోని ఉండాది. వద్దన్నా వినే మనిషా! గంగాధరప్ప కంచె లోపలికి పోయి అటూ ఇటూ తడిమి, వంగి చూసి, దాసప్పను లోపలికి పిల్చినాడు.

"ఇట్రా దాసప్పా. మీ రాత్రి చప్పుళ్ళు ఇవి. కరెంటు వస్తానే దూలమూ బండీ తమ మూలకు పోతాయి. ఆ కొనల్లో బుడిపెలున్నాయి చూడు, వాటిని తాకి ఆగుతాయి. గుడ్డోడు గోడ తడుముకోని, ఆ, ఈడున్నాన్నేను అనుకుంటాడే, అట్ల. ఆ మూలనుంచే దాని కొలత మొదలు. మీ బావా కాదు, ఎవరూ కాదు."

"మరి నిన్న రాత్రి?"

"ఈ బల్ల కింద స్విచ్చి ఉండాది. బండ వచ్చి బరువుగా కూర్చుంటే అది నొక్కుకోని, ఎత్తుకోమని చేతికి చెప్తాది. మీ చెల్లెలు తట్ట పెట్టి, మీద చేతులూ తలకాయా ఆనించె. చేతికేం తెలుసు అది బండో మనిషో? వచ్చింది పాపం, దాని పనికి."

దాసప్పకు మూడు నెలల బరువు ఒక్కసారి దిగిపోయినట్లనిపించింది. గట్టిగా నవ్వినాడు. "అంటే దయ్యం లేదు!"

"దయ్యం లేదు, గియ్యం లేదు."

గడప కాన్నుంచి చెన్నమ్మ అనింది, "అయితే ఆయప్ప రాలేదా?"

ఆ గొంతు విని దాసప్ప నవ్వు నోట్లోనే ఆగిపోయింది. చెల్లెలి మొగంలో నిన్నటి వెలుగు ఆరిపోతాండాది. రాత్రి చావు కాన్నుంచి ఎత్తుకొచ్చినాను గదా అనుకున్నాడు, ఇప్పుడీ ఒక్క మాటతో నేనే దాన్ని చంపతాండానే అనిపించింది. ఏదో ఒకటి అడగల్ల, ఏదైనా సరే.

"అన్నా, దిగింది సరే. మా చెన్న తలకాయను ముట్టుకోని మళ్ళా పైకెందుకు పోయింది?"

"మోటారు ఎత్తింటాదిలే. ఒక్కో పోకకు ఒక మోటారు ఉంటాది. దిగి, తగిలి, ఎత్తుకోని పైకి పోవడం దాని వరస. ఉండు, చూసి చెప్తా."

గంగాధరప్ప నిచ్చెన వేసుకోని పైకెక్కినాడు. దూలం మీద బండి కాడికి తలకాయ పెట్టి చూసినాడు. చేత్తో దుమ్ము తుడిచినాడు. మళ్ళా చూసినాడు.

దిగొచ్చి, బీడీ తీసి, అంటించుకోకుండా చేతిలోనే పెట్టుకున్నాడు.

"దాసప్పా... ఈడ మోటారు ఎవరు విప్పినారు?"

"ఏ మోటారన్నా?"

"కంబిని పైకీ కిందికీ తిప్పేది. నాలుగు బోల్టుల బెజ్జాలున్నాయి. మోటారు లేదు. బెజ్జాల్లో సాలీడు గూడు కట్టిండాది. చానా దినాల గూడు."

"బావ పోయిన మర్నాడు సేటు మనుషులు ఏదో ఇనుప సామాను గోనెలో చుట్టుకోని బెంగుళూరు లారీకెక్కించిరి... అదేనేమో... మరి మోటారు లేకుండా ఎట్ల దిగింది?"

"దిగేదానికి మోటారెందుకు? కరెంటు తగిల్తే బ్రేకు వదుల్తాది. దాని బరువుకదే దిగుతాది. మీ బావ మీదికి గూడా ఆ దినం బ్రేకు పట్టు తప్పి అట్లనే దిగింటాది. కపిలతో నీళ్ళు తోడేటప్పుడు బాన బావిలోకి దిగేదానికి ఎద్దులు కావల్నా?"

"పైకి రావాలంటే?"

గంగాధరప్ప మళ్ళా పైకి, ఆ ఖాళీ బెజ్జాల పక్క చూసినాడు. నిండు బానను పైకి గుంజాలంటే ఎద్దులుండాల్సిందే, కపిల తోలినోడు ఎవడైనా చెప్తాడు ఆ జవాబు.

చెన్నమ్మ గడప మీదనుంచి లేసింది. ఎవరూ ఆపల్యా. కంచె వాకిలి దాటి బల్ల కాడికి పోయి, పైన దూలం కాడ నిలిచిపోయిన ఆ కంబిని చానా సేపు చూసింది. కండ్లలో నీళ్ళు కారతాండాయి గానీ, మొగం తేటగా ఉండాది.

"ఆయప్ప తినిపోయినాడన్నా" అనింది. "నన్ను ఇంటికి పొమ్మన్నాడు."

బల్ల మీద సంగటి తట్ట రాత్రి పెట్టినట్లే ఉండాది. ముద్ద పైన ఎండి పెచ్చు కట్టింది. చెన్నమ్మ ఆ తట్టను ఒళ్ళో పెట్టుకోని, ఆడనే నేల మీద కూర్చునింది. మొగుడు తినిన ఆకులో పెండ్లాము తిన్నట్ల, పెచ్చు విరిచి, ఒక ముద్ద చేసి నోట్లో పెట్టుకునింది. మింగలేక మింగింది. ఇంకో ముద్ద చేసింది.

దాసప్ప బోరు తొట్టి కాడికి పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టినాడు. చెల్లెలు తట్ట ఖాళీ చేసేదాకా ఆమె ముందరే, చెయ్యి పక్కకు వీపు పెట్టి నిలబడినాడు. వెనక నెత్తిమీద చప్పుడేం లేదు. అయినా ఒక్కసారి తిరిగి చూసేదానికి ఆయనకు ధైర్యం చాలలేదు.